నలభై దెబ్బలకు ఓడిన లోహం

మూడు పారదర్శక గొట్టాలు నిలువుగా నిలబెట్టారు. ఒకదాని అడుగున స్టెయిన్‌లెస్ స్టీలు బిళ్ల ఉంది, రెండోదాని అడుగున టైటానియం బిళ్ల, మూడోదాని అడుగున అప్పుడే బజారులోకి వచ్చిన ఒక కొత్త లోహపు బిళ్ల. ఒకే ఎత్తు నుంచి మూడింటిలోకీ ఒక్కో ఉక్కు గోళీ వదిలారు. మొదటి రెండు గొట్టాల్లో గోళీలు కాసేపు టకటకలాడి నిలిచిపోయాయి. మూడో గొట్టంలోది మాత్రం ఎగురుతూనే ఉంది. చూసేవాళ్ల కళ్లు అలిసిపోయాయి కానీ గోళీ అలవలేదు.

ఆ కొత్త లోహం పేరు లిక్విడ్‌మెటల్. 1990ల చివర్లో దాన్ని గోల్ఫ్ క్లబ్బుల ముఖాలకు వాడారు. గోళీని అంతగా ఎగరగొట్టే లోహం గోల్ఫ్ బంతిని ఎంత దూరం పంపుతుందోనని ఆటగాళ్లు ఆశపడ్డారు. అయితే తొలి నమూనాల్లో కొన్ని 40 దెబ్బలైనా తినకుండానే పగిలిపోయాయి.

టైటానియం కన్నా రెట్టింపు బలమున్న లోహం 40 దెబ్బలకు ఎందుకు ఓడిపోయింది? జవాబు తెలియాలంటే గోల్ఫ్ ఐరన్, అంటే లోహపు తల ఉన్న క్లబ్బు, అనే పనిముట్టు కథ మొదటినుంచీ చెప్పుకోవాలి. పేరుకు అది ఆట వస్తువు. నిజానికి లోహాల ఓపికను పరీక్షించే చిన్న ప్రయోగశాల.

కమ్మరి కొలిమిలో పుట్టుక

గోల్ఫ్ స్కాట్లండ్‌లో పెరిగిన ఆట. విలువిద్య సాధనకు అడ్డమొస్తోందని 1457లోనే అక్కడి పార్లమెంటు దాన్ని నిషేధించింది. ఆ తర్వాత కొన్ని శతాబ్దాల పాటు ఆటగాళ్ల చేతిలో ఎక్కువగా ఉన్నవి చెక్క తలల క్లబ్బులే. కారణం బంతి. తోలు సంచిలో పక్షి ఈకలు కూరి కుట్టిన ఆ బంతి చాలా ఖరీదు. ఇనుముతో గట్టిగా కొడితే కుట్లు తెగి పనికిరాకుండా పోయేది. అందుకే ఊరి కమ్మరి కొలిమిలో కాల్చి సుత్తితో మలిచిన ఇనుప తలను, బండి చక్రాల గాడిలోనో రాళ్ల మధ్యనో బంతి ఇరుక్కున్నప్పుడు మాత్రమే బయటికి తీసేవారు.

1848 ప్రాంతంలో మలయా అడవుల చెట్ల పాలతో చేసిన గటాపర్చా బంతి వచ్చింది. చవకగా దొరికేది, గట్టిగా ఉండేది, ఇనుప దెబ్బను తట్టుకునేది. దాంతో ఐరన్‌కు మంచిరోజులు వచ్చాయి. పనిముట్టు మన్నిక ఆ పనిముట్టు ఒక్కదానిలోనే ఉండదని, అది తాకే వస్తువుతో కలిపి చూడాలని ఐరన్ చరిత్ర మొదటి అధ్యాయమే చెబుతోంది.

ఇనుముకు పుట్టుకతో వచ్చిన జబ్బు తుప్పు. స్కాట్లండ్ సముద్రతీరపు ఉప్పుగాలిలో తలలు ఎర్రబారేవి. వాటిని ఎమరీ కాగితంతో రుద్ది మెరిపించేవారు. రుద్దినప్పుడల్లా తుప్పుతో పాటు మంచి లోహమూ కొంత పోయేది. ఏళ్లు గడిచేకొద్దీ తల బరువు తగ్గేది, ముఖం మీది గీతలు మాసిపోయేవి. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుప్పుపట్టని ఉక్కును తయారు చేశాక, క్రోమియం పూత పద్ధతి కూడా వ్యాపించాక ఈ బాధ తీరింది.

పిడికర్రకూ ఇలాంటి కథే ఉంది. హికరీ చెక్క కర్ర దెబ్బకు మెలితిరిగేది, తేమకు వంగేది, అప్పుడప్పుడు విరిగేది. ఉక్కు గొట్టాన్ని కర్రగా వాడటానికి అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో ఒప్పుకుంటే, సెంట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ గోల్ఫ్ సంస్థ 1929లో ఒప్పుకుంది.

మైనపు అచ్చు, ఇంజనీరు ఆలోచన

ఐరన్ రూపం నిజంగా మారింది కార్స్‌టెన్ సోల్హైమ్ చేతుల్లో. నార్వేలో పుట్టి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన ఆయన 1959లో తన ఇంటి గ్యారేజీలో పింగ్ పేరుతో పటర్లు (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్బులు) తయారు చేయడం మొదలుపెట్టారు. తల బరువంతా నడుమ పోగుపడి ఉంటే, బంతి కాస్త పక్కకు తగిలినా తల మెలితిరుగుతుంది. బరువును అంచులకు పంచితే మెలి తగ్గుతుంది. ఇదీ ఆయన సూత్రం. దీన్నే తర్వాత ఐరన్లకూ తెచ్చారు.

వెనుక గుంట, చుట్టూ బరువైన అంచు ఉండే ఈ ఆకారాన్ని సుత్తితో మలచడం కష్టం. అందుకే పోత పద్ధతి పట్టారు. మన పంచలోహ విగ్రహాల శిల్పులు మైనంతో ప్రతిమ చేసి, మట్టి పూసి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసినట్టే ఈ తలలనూ పోస్తారు. లోహం 17-4 అనే స్టెయిన్‌లెస్ స్టీలు. ఇందులో సుమారు 17 శాతం క్రోమియం, 4 శాతం నికెల్ ఉంటాయి. 1982లో వచ్చిన పింగ్ ఐ-2 ఐరన్లు దీనితో చేసినవే.

అదే నమూనాను బెరీలియం కలిపిన రాగితోనూ చేశారు. చేతికి మెత్తని స్పర్శనిచ్చే ఆ తలలను చాలామంది ఇష్టపడ్డారు. ఆ లోహపు ముద్దను పట్టుకుంటే ఏ ప్రమాదమూ లేదు. దాన్ని సాన పట్టేటప్పుడు లేచే ధూళి పీలిస్తే మాత్రం ఊపిరితిత్తులకు నయం కాని జబ్బు రావచ్చు. ఒక లోహం ఎంతకాలం మన్నుతుందని అడిగేటప్పుడు, దాన్ని మలిచే కార్మికుడి ఆయుష్షు సంగతి కూడా అడగాలి.

అర మిల్లీసెకను బరువు

ఇప్పుడు దెబ్బ దగ్గరికి వద్దాం. బంతి సుమారు 46 గ్రాములు. మంచి ఆటగాడు కొట్టినప్పుడు అది ఐరన్ ముఖాన్ని సెకనుకు 50 మీటర్ల వేగంతో వదిలి వెళ్తుంది. ముఖానికీ బంతికీ మధ్య స్పర్శ ఉండేది సెకనులో రెండువేలవ వంతు. లెక్క కడితే ఆ క్షణంలో ముఖం మీద పడే సగటు బలం దాదాపు 470 కిలోల బరువుతో సమానం. శిఖర బలం ఇంకా ఎక్కువ. వారంవారం మైదానానికి వెళ్లి సాధన చేసేవారి ఐరన్ ఈ బరువును ఏటా వేలసార్లు మోస్తుంది.

ఒక్కసారి మోయడం ఏ లోహానికైనా తేలికే. కష్టమంతా మళ్లీ మళ్లీ మోయడంలో ఉంది. ఇనుప తీగను రెండు చేతులతో లాగి తెంపలేం. అదే తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. దీన్నే లోహపు అలసట అంటారు. రైలు ఇరుసులు మోయగలిగిన బరువే మోస్తూ ఎందుకు విరుగుతున్నాయో తెలుసుకోవాలని జర్మన్ ఇంజనీరు ఆగస్ట్ వోలర్ 1850, 60లలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. లోహం విరగడానికి ఎంత బలం పడిందన్నదే కాక ఎన్నిసార్లు పడిందన్నదీ లెక్కేనని ఆయన తేల్చారు. ఎక్కడో కంటికి కనిపించని లోపం దగ్గర పగులు మొదలవుతుంది. ప్రతి దెబ్బకూ కొంచెం జరుగుతుంది. చివరి దెబ్బ మిగిలిన పని పూర్తి చేస్తుంది.

వరుసలు లేని లోహం

లిక్విడ్‌మెటల్ ఈ అలసటకే బలైంది. కరిగిన లోహం చల్లారుతున్నప్పుడు దాని అణువులు ప్రార్థనకు నిలబడ్డ బడిపిల్లల్లా వరుసలు కడతాయి. వాటినే స్ఫటికాలు అంటాం. చాలా వేగంగా చల్లార్చితే వరుస కట్టే వ్యవధి దొరకదు. ఆటవిడుపులో పరిగెడుతున్న పిల్లలు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయినట్టు అణువులు నిలిచిపోతాయి. గాజు లోపలి అమరిక అలాంటిదే. అందుకే దీన్ని లోహపు గాజు అంటారు. 1960లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో పోల్ డువేజ్ బృందం బంగారం, సిలికాన్ మిశ్రమంతో దీన్ని మొదటిసారి సాధించింది. దానికి సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చవలసి వచ్చింది. దొరికింది పలుచని రేకు మాత్రమే.

1993లో అదే సంస్థలో విలియం జాన్సన్, అటకాన్ పెకర్ జిర్కోనియం, టైటానియం, రాగి, నికెల్, బెరీలియం కలిపి ఒక మిశ్రమం చేశారు. పరిమాణాలు ఒకదానికొకటి పొసగని అయిదు రకాల అణువులు కావడంతో వరుస కట్టడం వాటికి కష్టం. నిదానంగా చల్లార్చినా గాజుగానే ఉండిపోతాయి. దాంతో సెంటీమీటర్ల మందంలో ముద్దలు పోయడం వీలైంది. లిక్విడ్‌మెటల్ ఇదే.

మామూలు లోహానికి దెబ్బ తగిలితే అణువుల వరుసలు ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే సొట్ట పడుతుంది, కొంత శక్తి అక్కడే ఖర్చవుతుంది. గాజు లోహంలో వరుసలే లేవు కనుక జారడమూ లేదు. అది తన పొడవులో 2 శాతం వరకు సాగి మళ్లీ యథాస్థితికి వస్తుంది. గోళీ అంతసేపు ఎగిరింది ఈ గుణం వల్లే.

అయితే లోహానికి ప్రాణం కాపాడేది కూడా ఆ జారడమే. పగులు మొన దగ్గర వరుసలు జారితే మొన మొద్దుబారుతుంది, పగులు అక్కడ ఆగుతుంది. గాజు లోహంలో దాన్ని ఆపేవాళ్లు లేరు. సన్నని పొర ఒకటి కోసుకుపోతే ముక్క రెండవుతుంది. బర్క్‌లీలో రాబర్ట్ రిచీ బృందం 1990ల చివర్లో ఈ మిశ్రమానికి అలసట పరీక్షలు చేసింది. ఉక్కు తన గరిష్ఠ బలంలో 40, 50 శాతం వరకు ఒత్తిడిని మళ్లీ మళ్లీ తట్టుకుంటుంది. ఈ గాజు లోహానికి వాళ్లు చూసిన హద్దు సుమారు 4 శాతం. తర్వాతి పరిశోధనల్లో ఇంతకన్నా మెరుగైన అంకెలు వచ్చాయి కానీ అప్పటికే గోల్ఫ్ బజారు ఆ లోహాన్ని వదిలేసింది.

గోళీ ప్రదర్శన మరో సంగతినీ దాచింది. ఉక్కు గోళీ గట్టిది, అణగదు. గోల్ఫ్ బంతి మెత్తనిది, దెబ్బకు చపాతీ ముద్దలా అణిగి తిరిగి లేస్తుంది. దెబ్బలో పోయే శక్తిలో ఎక్కువ భాగం బంతిలోనే పోతుంది. ముఖం ఏ లోహమైనా ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు.

నిప్పురవ్వలు, రాకెట్ ఉక్కు

టైటానియానిది మరో రకం చిక్కు. ఉక్కులో 60 శాతం కన్నా తక్కువ బరువుతో గట్టి ముఖం ఇస్తుంది, తుప్పు పట్టదు. కానీ దక్షిణ కాలిఫోర్నియాలో ఎండిన గడ్డి మధ్య గోల్ఫ్ మైదానాల్లో మంటలు లేస్తే, అగ్నిమాపక అధికారుల అనుమానం టైటానియం క్లబ్బుల మీదికి వెళ్లింది. అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జేమ్స్ అర్త్‌మన్ బృందం పరీక్షించి 2014లో ఫలితం ప్రకటించింది. క్లబ్బు రాతిని గీసుకున్నప్పుడు రాలిన టైటానియం రేణువులు గాలితో కలిసి సుమారు 1,650 డిగ్రీల సెల్సియస్ వేడితో, సెకను పైగా మండాయి. ఎండుటాకులు అంటుకోవడానికి అది చాలు. స్టెయిన్‌లెస్ స్టీలుతో అలాంటి మంట రాలేదు.

నేటి ఖరీదైన ఐరన్లలో కొన్నిటి ముఖం మారేజింగ్ స్టీలు. మామూలు ఉక్కుకు కర్బనం బలాన్నిస్తే, దీనికి సుమారు 18 శాతం నికెల్, దానితో పాటు కోబాల్ట్, మాలిబ్డినం బలాన్నిస్తాయి. 480 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే లోపల అతిసూక్ష్మ రేణువులు ఏర్పడి అణువుల వరుసలను జారనీయకుండా బిగిస్తాయి. ఈ ఉక్కు మన తెలుగువారికి కొత్తది కాదు. పీఎస్ఎల్వీ రాకెట్ మొదటి దశ మోటారు గొట్టం, 2.8 మీటర్ల వ్యాసంతో, ఈ జాతి ఉక్కుతోనే తయారవుతుంది. ఇస్రోకు ఆ ఉక్కును అందిస్తున్నది హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని మిశ్ర ధాతు నిగమ్, అందరి నోటా మిధాని.

అయితే రాకెట్ గొట్టం జీవితంలో ఒక్కసారే ఎగురుతుంది. ఐరన్ ముఖం వేలసార్లు వంగాలి. ఇంత బలమైన ఉక్కు దొరికింది కదా అని తయారీదారులు ముఖాన్ని మిల్లీమీటరున్నర దాకా పలచన చేశారు. పలుచని ముఖం స్ప్రింగులా పనిచేస్తుంది, మిగిలిన బరువును అంచులకు పంపవచ్చు. లాభం నిజమే. కానీ లోహంలో పెరిగిన బలాన్నంతా మందం తగ్గించడానికే ఖర్చు చేస్తే మన్నికకు మిగిలేది సున్న. ముఖం అడుగు అంచును కలిసే మూల దగ్గర, అతుకు దగ్గర ఒత్తిడి పోగవుతుంది. పగులు అక్కడే మొదలవుతుంది. పలుచని ముఖానికి వెనుక దన్నుగా కొందరు మెత్తని పాలిమర్ నింపుతున్నారు. అది చప్పుడునూ తగ్గిస్తుంది. పాలిమర్‌కు మాత్రం వేడీ పడదు, కాలం గడవడమూ పడదు.

ఇవన్నీ తెలుసు కాబట్టే బాధ్యత గల తయారీదారులు గాలి ఫిరంగితో బంతులను ఒకే ముఖం మీదికి వేలసార్లు పేల్చి చూస్తారు. ఏ ప్రకటన కన్నా ఆ పరీక్షకే విలువ ఎక్కువ.

గాజు లోహం కథ అక్కడితో ముగియలేదు. 2008లో డగ్లస్ హాఫ్‌మన్, జాన్సన్ బృందం గాజు లోహం మధ్య మెత్తని స్ఫటికాలను కొమ్మల్లా మొలిపించి, పగులు దారికి అడ్డం పెట్టింది. ఆ మిశ్రమం విరగడానికి ముందు సాగింది. లోహం పుట్టిన చోటే దాని లోపానికి మందు దొరికింది.

కొత్త ఐరన్ కొనబోయే పాఠకులకు ఒక మాట. దుకాణంలో మీరు కొట్టి చూసే దెబ్బ ఆ లోహం బలాన్ని మాత్రమే చెబుతుంది, ఓపికను కాదు. ముఖం పగిలితే ఎన్నేళ్ల దాకా మార్చి ఇస్తారో అడగండి. ఎండలో నిలిపిన కారు డిక్కీలో క్లబ్బులు వదిలేయకండి. నెలకోసారి ముఖం తుడిచి, అడుగు అంచు వెంట గోరు నడిపి చూడండి. గోటికి గీత తగిలితే, మోత మారితే ఆ క్లబ్బును పక్కన పెట్టండి. 1980లలో మైనపు అచ్చులో పోసిన పాత 17-4 స్టీలు ఐరన్లతో ఇప్పటికీ ఆడేవాళ్లున్నారు. కొత్త లోహం ఏదైనా మెప్పు పొందవలసింది ఆ ఓపికతో పోటీపడి నెగ్గాకే.