గాలి తీస్తేనే బండి కదిలేది!

తొలిసారి ఇసుక తిన్నెలెక్కే డ్రైవర్లకు ఎడారి పాఠాలు

తారురోడ్డు మీద పదేళ్లుగా స్టీరింగు పట్టిన చేయైనా సరే.. ఎడారిలో మొదటి రోజు ‘ఎల్‌’ బోర్డు తగిలించుకోవాల్సిందే. టైర్లో గాలి తగ్గితే మనం పంక్చరు షాపుకు పరుగెడతాం. అక్కడ పనిగట్టుకుని తీసేస్తారు. బండి జారితే బ్రేకు తొక్కుతాం. అక్కడ తొక్కారో.. కూరుకుపోతారు!

గల్ఫ్‌లో ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు చలికాలంలో ఇదో సరదా. దుబాయ్‌ నుంచి హత్తా వెళ్లే దారిలో లహబాబ్‌ దగ్గర ఎర్రటి తిన్నెలు కనిపిస్తాయి. ఇసుక రేణువులకు పట్టిన ఇనుప తుప్పే ఆ ఎరుపు. సొంత ఫోర్‌వీల్‌ డ్రైవ్‌ బండితో అటు వెళ్లాలనుకుంటే ఈ సంగతులు తెలిసుండాలి.

ఒంటె పాదంలా..

రోడ్డు మీద టైర్లలో గాలి 35 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. ఇసుకలో దిగే ముందు దాన్ని 15కు అటూఇటూగా తగ్గిస్తారు. అప్పుడు టైరు పరుచుకుని, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది. ఒంటె పాదం చేసే పనీ ఇదే. మరీ తగ్గించి ఒక్కసారిగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపడం మరవొద్దు. లేదంటే టైరు వేడెక్కి పేలిపోవచ్చు.

ఎక్కినా దిగినా నిటారుగానే

గాలి వీచే వైపు తిన్నె వాలు తక్కువ, ఇసుక గట్టిగా ఉంటుంది. అవతలివైపు ముప్పై డిగ్రీలు దాటిన జారుడుబల్ల! కిందే వేగం అందుకుని నేరుగా ఎక్కాలి. నెత్తికి చేరేలోపు యాక్సిలరేటర్‌ వదలాలి. అవతల ఏముందో తెలియదు కదా. సగంలో ఆగిపోతే తిప్పే ప్రయత్నం చేయొద్దు, పల్టీ కొడుతుంది. వచ్చిన జాడలోనే రివర్సులో దిగిపోవాలి. అవతలికి దిగేటప్పుడు చిన్న గేరు, తిన్నని స్టీరింగు. అంతే.

కూరుకుపోతే?

యాక్సిలరేటర్‌ తొక్కేకొద్దీ టైరు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. వెంటనే ఆపండి. పారతో టైర్ల ముందూ వెనకా, బండి కిందా ఇసుక తీయండి. ఇంకాస్త గాలి తగ్గించి మెల్లగా వెనక్కి రండి. కదలకపోతే తోటి బండితో లాగించాలి. ఆ సమయంలో తాడు దగ్గర ఎవరూ నిలబడకూడదు.

అందుకే మొదటిసారి ఒంటరిగా వెళ్లొద్దు. రెండు బండ్లు, అనుభవమున్న మనిషి, తలా నాలుగైదు లీటర్ల నీళ్లు తప్పనిసరి. సీటు బెల్టు తీయొద్దు. తిన్నె అవతలివాళ్లకు కనపడేలా బండికి పొడవాటి జెండా కట్టాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పండి. దారి తప్పితే బండి వదిలి నడవకండి. వెతికేవాళ్లకు మనిషి కంటే బండే ముందు కనిపిస్తుంది. దాని నీడే ప్రాణం నిలబెడుతుంది.

మన తీరంలో వద్దు

అక్కడ నేర్చుకున్న విద్యను సెలవుల్లో మన సముద్రతీరంలో చూపిద్దామనుకుంటే మాత్రం ఆగాలి. 2019 నాటి సీఆర్‌జెడ్‌ నోటిఫికేషన్‌ ప్రకారం తీరంలోని తిన్నెలు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు అత్యంత సున్నిత ప్రాంతాలు. గంజాం జిల్లాలో రుషికుల్యా నది సముద్రంలో కలిసేచోట ఆలివ్‌ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పిల్ల తాబేలుకు చక్రం జాడే దాటలేని గొయ్యి. పైగా తుపాను అలలకు మన ఊళ్ల ముందున్న అడ్డుగోడ ఆ తిన్నెలే. ఎడారిలో చెరిగిన జాడను గాలి రాత్రికి రాత్రే పూడ్చేస్తుంది. ఇక్కడ తెగిన తీగలు మళ్లీ అల్లుకునేదాకా ఆ ఇసుకను పట్టి ఉంచేవాళ్లెవరు?