కళ్ళెదుటి ఎర్రనేల: నీటిరంగులలో తొలిపాఠం

ప్రకృతి దృశ్యాన్ని చిత్రించమని కోరితే మన పిల్లలలో చాలామంది ముందుగా రెండు త్రికోణపు కొండలు గీస్తారు. వాటి నడుమ ఉదయిస్తున్న సూర్యుడు, దిగువన వంపులు తిరిగే ఏరు, ఒడ్డున ఒక కొబ్బరిచెట్టు, పూరిల్లు. కొత్తగా కుంచె పట్టిన పెద్దలదీ దాదాపు ఇదే బాట. కాని ఖరగ్‌పూర్‌లోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ పరిసరాలలో నిలిచి చూస్తే కొండ కనబడదు. చదునైన ఎర్రనేల, దాని అంచున చెట్ల వరుస, షెడ్డుల పైకప్పులు, విశాలమైన ఆకాశం మాత్రమే ఉన్నవి. చిత్రలేఖనాన్ని వీటితోనే ఆరంభించడం మేలని మా అభిప్రాయం.

మేము టీ-స్క్వేరుతో ఇంజనీరింగ్ డ్రాయింగు నేర్చిన తరం వారము. వస్తువు ఎట్లున్నదో గీయడం ఆ విద్య. ఎట్లు కనబడుతున్నదో గీయడం ఈ విద్య. బ్రాడ్‌గేజి పట్టాల నడుమ ఎడం 1676 మిల్లీమీటర్లు. డ్రాయింగులో అది మొదటి నుండి చివరి వరకు అంతే. కాగితాన్ని కంటికి అర మీటరు దూరాన నిలిపామనుకుందాము. 10 మీటర్ల దూరాన ఉన్న ఆ ఎడం కాగితంపై సుమారు 84 మిల్లీమీటర్లు. 100 మీటర్ల వద్ద అది 8 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. కిలోమీటరు వద్ద ఒక మిల్లీమీటరైనా ఉండదు. ఇది సరూప త్రిభుజాల లెక్క. ఖరగ్‌పూర్ స్టేషనులోని 1072.5 మీటర్ల ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్ దానిని మించే వరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందినది. దాని కొసన నిలిచి, దూరమయ్యే కొద్దీ చిన్నవయ్యే స్తంభాలను చూస్తే ఈ లెక్క పుస్తకం లేకుండానే బోధపడుతుంది.

ఆరంభానికి కావలసిన సామగ్రి స్వల్పం. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే కాగితం తీసుకోవాలి. పలుచని కాగితం తడికి ముడతలు పడుతుంది. పోస్టుకార్డంత ముక్క చాలును. లావు కుంచె ఒకటి, సన్నది ఒకటి, రెండు గిన్నెల నీరు, మూడు రంగులు: అల్ట్రామెరైన్ నీలం, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా. చివరి రెండు రంగులకు మూలం ఇనుప ఆక్సైడులే. మన కాళ్ళక్రింది లాటరైట్ నేలకు ఎరుపునిచ్చేవీ అవే. పచ్చని మన్నులోని ఇనుప సమ్మేళనంలో నీరు ఇమిడి ఉంటుంది. కాల్చినప్పుడు ఆ నీరు పోయి ఎరుపు తేలుతుంది. ‘బర్న్‌ట్’ అన్న పేరు అందువల్ల వచ్చినదే. కనుక ఈ నేలను చిత్రించడానికి ఈ నేలకు చుట్టమైన రంగునే వాడుతున్నామన్నమాట. ఈ ఎరుపును అల్ట్రామెరైన్‌తో కలిపితే వానమబ్బుకు, నీడలకు సరిపడే బూడిదరంగు వస్తుంది.

ఇక పని క్రమం. కాగితంలో క్రింది నుండి మూడవ వంతు ఎత్తున దిగంతరేఖను తేలికగా గీయండి. ఆకాశభాగాన్ని నీటితో తడిపి, పలుచని నీలాన్ని పైనుండి క్రిందికి దించండి. తెల్లమబ్బుకు రంగు అక్కరలేదు. కాగితపు తెలుపును వదిలివేయడమే దాని చిత్రణ. అది పూర్తిగా ఆరేదాకా ఆగాలి. కొత్తవారికి అన్నిటికంటె కష్టమైనది ఈ ఆగడమే. పిదప దూరపు చెట్ల వరుసను నీలం ఎక్కువగా, నీరు ఎక్కువగా కలిపి వేయండి. గాలిలోని అణువులు నీలికాంతిని అధికంగా చెదరగొడతాయి. ఆ చెదరిన వెలుగు దూరపు చెట్లకు, మన కంటికి నడుమ పలుచని తెరవలె నిలుస్తుంది. దగ్గరి నేలకు బర్న్‌ట్ సియెన్నాను చిక్కగా వేసి, షెడ్డులను, నీడలను చివరకు ఉంచండి. ముదురు రంగును తరువాత చేర్చవచ్చును గాని, పోయిన తెలుపును తిరిగి తేవడం కష్టం.

వయసు మీరినదని వెనుకాడవలసిన పని లేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ చిత్రాల తొలి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగేనాటికి ఆయనకు దాదాపు 69 ఏళ్ళు. ఎదుటనున్న దానిని చిత్రించడానికి మన తెలుగువారిలోనే ఆదర్శమున్నది. కొండపల్లి శేషగిరిరావు (1924–2012) శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద అభ్యసించి, హైదరాబాదు బండరాళ్ళను ప్రేమతో చిత్రించారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడినవి. ‘మన ఊరు’ అనగానే పెద్దలకు నేటికీ శ్రీకాకుళమో, విశాఖపట్నమో స్ఫురిస్తుంది. వారి మనుమలు ఆడి పెరిగినది మాత్రం ఈ ఎర్రనేలపై. అయినా వారి బొమ్మలలో ఈ నేల కనబడదంటే, చూడడం వారికి మనమింకా నేర్పలేదన్నమాట. పరిశ్రమలు విస్తరించే చోట నేటి ఖాళీస్థలం రేపు ఉండకపోవచ్చు. ఆ విస్తరణ మనకు జీవనాధారం గనుక దానిని కాదనలేము. అయితే షెడ్డు లేవకముందు అక్కడ ఏమున్నదో ఇంటివారిలో ఒకరైనా నిదానంగా చూసి ఉండడం అవసరం. ఫోటో క్షణంలో తీయవచ్చును. ఆ వరుసలో ఏ చెట్టు పొడవో, మధ్యాహ్నానికి నేల ఎరుపు ఎంత వెలవెలబోతుందో గంటసేపు కూర్చున్నవారికే తెలుస్తుంది.

వచ్చే ఆదివారం ఉదయం పిల్లలను కూడా వెంటబెట్టుకొని ఒక గంట ప్రయత్నించండి. బొమ్మ ఎట్లు వచ్చినా పారవేయవద్దు. వెనుకవైపు చోటు, తేదీ, వేళ వ్రాసి భద్రపరచండి. ఏడాది తరువాత అదే చోట కూర్చుని మరొకటి వేసి, రెండింటినీ ప్రక్కప్రక్కన ఉంచి చూడండి.