ఖాళీ డ్రమ్ము కూడా పేలుతుంది



గార్ల స్టేషన్లో రైలెక్కి హైదరాబాదు వైపు పనికి వెళ్లే యువకులు మన కుటుంబాలలో ఉన్నారు. పటాన్‌చెరు, జీడిమెట్ల, పాశమైలారం వంటి చోట్ల మందుల కంపెనీలలో, రంగుల కంపెనీలలో హెల్పర్లుగా చేరుతుంటారు. "అక్కడ ఏం పని బిడ్డా?" అని తల్లి అడిగితే "డ్రమ్ములు మార్చే పని అమ్మా" అంటారు. ఆ డ్రమ్ములలో ఏమున్నదో తల్లికి తెలియదు, చాలాసార్లు కొడుక్కీ తెలియదు. అందుకే ఈ సంచికలో ఈ విషయం వ్రాస్తున్నాము.

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా మందుల కర్మాగారంలో మధ్యాహ్న భోజన వేళ పేలుడు జరిగి 17 మంది మరణించారు. ముప్పై మందికి పైగా గాయపడ్డారు. అక్కడ లీకైనది మిథైల్ టెర్షియరీ బ్యూటైల్ ఈథర్ అనే ద్రావకం, కార్మికుల మాటలో సాల్వెంటు. ఒకచోటి నుండి మరొకచోటికి పంపు చేస్తుండగా కారి, ఆవిరై, భవనమంతా కమ్ముకున్నది. ఆ ఆవిరికి నిప్పు తగలగానే అంతా ఒక్కసారిగా మండి పేలింది.

నిజానికి ఇటువంటి ద్రవం తానుగా మండదు. దాని మీద నుండి లేచే ఆవిరి మండుతుంది. ఎంత వేడి వద్ద మండేంత ఆవిరి లేస్తుందో ఆ హద్దును ఫ్లాష్ పాయింట్ అంటారు. పై ద్రావకానికి అది సున్నాకు 28 డిగ్రీలు దిగువ. పెట్రోలుకు సుమారు 40 డిగ్రీలు దిగువ. అంటే చలికాలపు తెల్లవారుజామున కూడా మూత తీసిన డబ్బా పైన మండే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. కిరోసిన్‌కు ఆ హద్దు సుమారు 38 డిగ్రీలు లేదా ఇంకొంచెం పైన. మన మే నెల ఎండకు అది కూడా దాటిపోతుంది.

ఈ ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోక నేలమీద పాకుతుంది, కాలువలలోకి, గుంటలలోకి దిగుతుంది. ఎక్కడో దూరాన ఉన్న స్విచ్చు, మోటారు, బీడీ దానిని అంటిస్తే మంట వెనక్కు పరుగెత్తి డ్రమ్మును చేరుతుంది. కంటికి కనబడని నిప్పు మరొకటి ఉన్నది. ద్రవం గొట్టంలో వేగంగా పారినప్పుడు, ఎత్తునుండి ధారగా పడినప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. అందుకే డ్రమ్ముకు ఎర్తింగ్ తీగ తగిలిస్తారు. తొందరలో దానిని తగిలించకుండా వదిలేయడం మామూలైపోయింది. ప్లాస్టిక్ డబ్బాకైతే తీగ తగిలించినా ఉపయోగం లేదు.

ఖాళీ డ్రమ్ము సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. నిండు డ్రమ్ములో గాలికి చోటుండదు. ఖాళీ డ్రమ్ములో అడుగున మిగిలిన నాలుగు చుక్కలు ఆవిరై గాలితో కలిసి ఉంటాయి. అది బాంబు వంటిదే. నీళ్లకోసమో, ధాన్యం కోసమో పాత ఇనుప డ్రమ్ము కొని, మూత కోయించడానికి వెల్డింగ్ షాపుకు తీసుకుపోయేవారు దయచేసి ఆగండి. అందులో ఇంతకుముందు ఏమి పోశారో తెలియనియెడల కోయించవద్దు. రసాయనపు డ్రమ్మును తిండికి, తాగే నీటికి వాడనే వద్దు.

ఈ ప్రమాదం ఫ్యాక్టరీ గోడ లోపలే ఉంటుందనుకోవద్దు. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో జనం కాపురముండే భవనం కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనపు డ్రమ్ములు అంటుకొని, పై అంతస్తులలోనివారు 9 మంది చనిపోయారు. మన పల్లెల్లో కిరాణా కొట్టులో సీసాలలో పెట్టి అమ్మే పెట్రోలు కూడా ఈ కోవలోనిదే.

భోపాల్ దుర్ఘటన (1984) తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తాను చేసే పనిలోని ప్రమాదాన్ని తెలుసుకునే హక్కును కార్మికునికి ఇచ్చారు. కాంట్రాక్టు పనివాడైనా అడగవచ్చును. ఈ డ్రమ్ములో ఏమున్నది? బయటికి పోయే రెండవ దారి ఏది? కారితే ఎవరికి చెప్పాలి? సూపర్‌వైజరు విసుక్కున్నా సరే, మొదటి రోజే అడగమని మీ పిల్లలకు చెప్పండి.

ఒంటికి నిప్పంటుకొంటే పరుగెత్తరాదు. నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవారు గొంగడి గాని మందపాటి నూలు దుప్పటి గాని కప్పవచ్చును, నైలాను పనికిరాదు. ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసివేయాలి. చర్మానికి అంటుకున్న బట్టను మాత్రం లాగవద్దు. కాలినచోట ఇరవై నిమిషాలు ధారగా చల్లని నీళ్లు పోయాలి, మిగతా ఒళ్లు చలిపట్టకుండా కప్పి ఉంచాలి. ఐసు వద్దు. పేస్టు, సిరా, పసుపు, కోడిగుడ్డు సొన పూస్తే గాయం ఎంత లోతో డాక్టరుకు కనబడదు, చీము పట్టే ప్రమాదమూ ఉన్నది. బొబ్బలు చిదపవద్దు. శుభ్రమైన బట్ట కప్పి 108కు ఫోను చేయండి.

పొగ పీల్చినవానికి ఒంటిమీద గాయమే లేకపోవచ్చును. అయినా గొంతు బొంగురుపోయినా, ముక్కులో మసి కనబడినా ఆలస్యం చేయరాదు. లోపల వాపు వచ్చి గంటలలోనే శ్వాస ఆగిపోవచ్చును. ఆసుపత్రికి తెచ్చేటప్పుడు డ్రమ్ము మీది పేరు కాగితంపై వ్రాసుకొని తెండి, లేదా సురక్షితమైన దూరం నుండి ఫోనులో ఫోటో తీసినా చాలును. రసాయనం పేరు తెలిస్తే చర్మాన్ని ఇంకా ఎంతసేపు కడగాలో, ఊపిరితిత్తులను ఎన్ని రోజులు కనిపెట్టి చూడాలో డాక్టరుకు తేలికగా తెలుస్తుంది.