అతుకు కనిపించని కుంచె

ఆగస్టు 19 ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం. ఆ సందర్భానికి పాత ఫోటో ముద్రణ పద్ధతులకు రంగులు, గుడ్డ, కాగితం ముక్కలు జోడించి చేస్తున్న కళ మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు సంపాదకులు. గడువు తక్కువ. అయినా హైదరాబాద్ గ్యాలరీలకు కాకుండా కామారెడ్డి దాటి ఎల్లారెడ్డికి వెళ్లాను. ఫోటో మీద కుంచె నడిపించడం కొత్త ప్రయోగమంటే నాకు నమ్మకం లేదు.

అక్కడ ఒకరింటి గోడకున్న ఫోటో ముందు నుంచి కదల్లేకపోయాను. భార్యాభర్తలు పక్కపక్కనే కూర్చున్నారు. నిజానికి వాళ్లిద్దరూ కలిసి ఎన్నడూ ఫోటో దిగలేదట. ఆయన పోయాక, ఓ పెళ్లి గ్రూపు ఫోటోలోంచి ఆయన ముఖాన్ని పెద్దది చేయించారు. దాన్ని కత్తిరించి ఆమె పక్కన అతికించి, అతుకు మీద రంగు పూసి, మళ్లీ ఫోటో తీయించారు. ఆ కాపీ మీద మరోసారి కుంచె పని.

భూతద్దం పెట్టి చూస్తే పనితనమంతా బయటపడుతుంది. ఆమె చెంప మీద వెలుగు ఎడమ నుంచి పడితే, ఆయన మీద కుడి నుంచి పడింది. ఆయన భుజం కెమెరాకు చిక్కింది కాదు, కండువా మడతతో సహా గీసిందే. ముఖాల జోలికి మాత్రం కుంచె అతి తక్కువగా వెళ్లింది. రంగు ఒక్క పొర ఎక్కువైతే పోలిక పోతుంది, ఆ ఇంటికి ఆ మనిషే లేకుండా పోతాడు. ఫోటో అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరుస్తోంది, నలుపు వెలిసిపోయింది. చీర అంచు ఎరుపు మాత్రం అలాగే ఉంది. అట్ట వెనక ఆ రంగు వేసినవాళ్ల పేరు లేదు. ఇంత నిగ్రహంతో పనిచేసినవాళ్లను కళాకారులని పిలవడానికి మనకు అడ్డేమిటి?

ఇక చరిత్ర. సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు, 1892లో హైదరాబాద్‌లో స్త్రీల కోసం జెనానా స్టూడియో తెరిచారు, 1905లో కన్నుమూశారు. అప్పటి ఆల్బుమెన్ ప్రింటు అంటే, గుడ్డు తెల్లసొన పూసిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పట్టించి, గాజు నెగెటివ్ కింద పెట్టి ఎండలో అచ్చు తీయడం. తర్వాత వచ్చిన బ్రోమైడ్ పేపరుతో ఫోటోలు అచ్చు తీసే పని చిన్న ఊళ్ల డార్క్‌రూమ్‌లకూ చేరింది.

నేటి కళాకారులు ఈ పద్ధతులను మళ్లీ చేతబట్టడం నాకు నిజంగా సంతోషం. కాకపోతే వాళ్ల ప్రదర్శనల్లో ఇలాంటి జంట ఫోటోలకూ ఒక గోడ ఇవ్వాలి.

నీలి ముద్ర
పాత ఫోటో ముద్రణ పద్ధతుల్లో ఒకటైన సయనోటైప్‌ను జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టారు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసైనైడ్ ద్రావణాలు కలిపి కాగితానికో నూలు గుడ్డకో పూసి, చీకట్లో ఆరబెడతారు. పైన ఆకో నెగెటివో పెట్టి ఎండలో ఉంచి నీళ్లతో కడిగితే, ఎండ తగిలిన చోటల్లా ముదురు నీలం. ఇంజినీర్ల బ్లూప్రింట్లూ ఈ పద్ధతిలోనివే. మంజీర మీద 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టిన రోజుల్లో ఇంజినీరింగ్ నక్షాలకు ప్రపంచమంతా అదే వాడుక. ఇలా అచ్చేసిన గుడ్డను బట్టల సోడాతో ఉతికితే నీలం పోతుంది.

మీ ఇంట్లో ఉంటే
రంగు వేసిన పాత ఫోటోను తడిగుడ్డతో తుడవకండి, లామినేషన్ చేయించకండి. ఎండ పడని, చెమ్మ లేని గోడకు తగిలించండి. ఫ్రేము అద్దం ఫోటోకు తగలకుండా మధ్యలో అట్ట పెట్టించండి. ముందుగా వెనకవైపుతో సహా స్కాన్ చేయించండి.