మధ్యరకం ఎముక ఎక్కడుంది?

‘ఒక జీవి ఇంకో జీవిగా మారిందని చూపించే మధ్యరకం ఎముక ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. దేవుడు ఏ రకాన్ని ఆ రకంగానే పుట్టించాడు.’ ఫోన్లలో చక్కర్లు కొడుతున్న ఈ మాట ఇక్కడ పుట్టింది కాదు. అమెరికా సృష్టివాదులు అరవై ఏళ్లుగా అమ్ముతున్న పాత సరుకు. 2018లో ఒక కేంద్ర సహాయమంత్రి, కోతి మనిషిగా మారడం ఎవరూ చూడలేదు కాబట్టి డార్విన్ తప్పన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఖండించాల్సి వచ్చింది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలోంచి జీవపరిణామాన్ని తీసేసింది. పిల్లలకు భారం తగ్గించడానికట! పదితో జీవశాస్త్రానికి దండం పెట్టేసే పిల్లాడికి ఇక ఆ పాఠం కనబడదు, ఫార్వర్డ్ మాత్రం రోజూ కనబడుతుంది.

సరే, ఎముకల సంగతే చూద్దాం. డ్వేన్ గిష్ అనే సృష్టివాది సభల్లో సగం ఆవు, సగం తిమింగలంగా గీసిన బొమ్మ చూపించి జనాన్ని నవ్వించేవాడు. ఆ వెటకారానికి జవాబు మన జమ్మూ ప్రాంతపు రాళ్లలోనే ఉంది. కాలాకోట్ దగ్గర భూగర్భ శాస్త్రవేత్త ఎ. రంగారావు సేకరించిన శిలల్లో ఇండోహ్యూస్ అనే చిన్న జంతువు ఎముకలున్నాయి. వాటి వయసు సుమారు 4.8 కోట్ల ఏళ్లు. హాన్స్ థీవిసన్ బృందం వాటిని పరిశీలించి 2007లో చెప్పిందేమిటంటే, దాని చీలమండ జింకలు, పందుల తరహాలో ఉంది. చెవి ఎముక గోడ మాత్రం తిమింగలాలకు ఉన్నట్టు మందంగా ఉంది. కాళ్ల ఎముకలు కూడా నీళ్లలో తిరిగే జంతువులకు ఉండేటంత బరువైనవి. ఇది తిమింగలాలకు దగ్గరి చుట్టం. జన్యువులు కూడా ఇదే వైపు చూపించడంతో, ఒకప్పుడు విడిగా కూర్చోబెట్టిన తిమింగలాలను ఇప్పుడు గిట్టల జంతువుల్లో, నీటిగుర్రం పక్కన చేర్చారు.

మనిషి దగ్గరికొస్తే ఇంకా తమాషా. సృష్టివాదుల ప్రకారం ఏ పుర్రె అయినా పూర్తిగా కోతిదో, పూర్తిగా మనిషిదో కావాలి. 1891లో యూజీన్ దుబోయ్ జావాలో తవ్వితీసిన పుర్రె పైభాగం గిష్ లెక్కలో కోతిది. మార్విన్ లుబెనో అనే మరో సృష్టివాది లెక్కలో మనిషిదే. మధ్యరకమే లేకపోతే వాళ్లలో వాళ్లకు ఈ తగువెందుకు?

అమెరికాలోని కెంటకీలో 2016లో సృష్టివాదులు బైబిల్ జలప్రళయ కథలోని నోవా ఓడ నమూనా ఒకటి తెరిచారు. లోకంలోని జంతువులన్నీ అందులో పట్టాలిగా! అందుకని జాతులన్నిటినీ కుదించి దాదాపు 1,400 ‘రకాలు’ చేశారు. పిల్లి రకానికి ఒక జంట. సింహం, పులి, చీతా, మన వంటింటి పిల్లి, అన్నీ ఆ జంట సంతానమే, అదీ ఆ ప్రళయం తర్వాతి సుమారు 4,300 ఏళ్లలో. ఇంత వేగం డార్విన్ కూడా అడగలేదు.

పైగా ఆధునిక వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ సృష్టిని నమ్మినవాడే. డార్విన్ పుట్టడానికి డెబ్బై ఏళ్లకు ముందే, 1735లో, మనిషిని కోతుల సరసన కూర్చోబెట్టాడు. శరీర నిర్మాణం చూస్తే ఆయనకు వేరే దారి దొరకలేదు.

‘మరి కోతులు ఇంకా ఎందుకున్నాయి?’ పెదనాన్న పిల్లలు ఉన్నందుకు మీరు లేకుండా పోయారా? ‘అది వట్టి సిద్ధాంతమే కదా.’ సూక్ష్మజీవుల వల్ల జబ్బులొస్తాయన్నదీ సిద్ధాంతమే. ‘దశావతారాలే అసలు పరిణామం.’ 2019లో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర వైస్‌ఛాన్సలర్ ఒకరు ఈ మాటా అన్నారు. పురాణానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోక తప్పదు. జాతి అంటే ఏమిటో జీవశాస్త్రవేత్తలకే ఒక మాట మీద నిలకడ లేదని సృష్టివాదులు ఎత్తిపొడుస్తారు. నిజమే. నిర్వచనాలు రెండు డజన్ల పైమాటే. జిరాఫీ ఒకటే జాతి అని చదువుకున్నాం, 2016లో జన్యువులు చూసినవాళ్లు కాదు నాలుగన్నారు. ఇబ్బందే. కానీ జాతులు నెమ్మదిగా విడిపోతూ వచ్చాయంటే సరిహద్దులు మసకగానే ఉంటాయి. దేనికది విడిగా చేసి పెట్టినవైతే ఈ గొడవ రావడమే వింత.

కాబట్టి ఈసారి ఆ మెసేజ్ వస్తే వాదనకు దిగకండి. ‘రకాల జాబితా ఒకటి పంపండి, ఏ కొలతతో విడదీశారో చెప్పండి’ అని అడగండి. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి జీవశాస్త్రంలో పరిణామం అధ్యాయం ఇంకా ఉంది. పదో తరగతి పిల్లల చేతికి ఇప్పుడే ఇవ్వండి, అర్థమవుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు బిర్లా సైన్స్ మ్యూజియంకు తీసుకెళ్లండి. అక్కడ నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఒళ్లంతా సారోపాడ్‌లనే పొడవు మెడ భారీ డైనోసార్ల తీరు, తుంటిలో, తొడ ఎముకలో మాత్రం అంతకు ముందరి డైనోసార్ల లక్షణాలు. దాన్ని సారోపాడ్‌లలో కలపాలా, గుమ్మం బయటే ఉంచాలా అని శాస్త్రవేత్తలు వాదించుకున్నారు. పిల్లలకు ముందు ఆ తుంటి చూపించండి. తల దగ్గర ఆగక్కర్లేదు, అది చేసి పెట్టింది. తవ్వకాల్లో పళ్లు తప్ప పుర్రె దొరకలేదు.