చాయ్‌ కప్పు నుంచి కాలేయానికి..

'చుక్క మందు కూడా ముట్టను సార్‌. నాకు ఫ్యాటీ లివరేంటి?' సికింద్రాబాద్‌లో మా ఓపీకి వచ్చేవారు తరచూ అడిగే ప్రశ్నే. ఈమధ్య దీనికి మరోటి తోడైంది. 'ప్లాస్టిక్‌ వల్ల వస్తుందట, నిజమేనా?'

కొంత నిజం ఉండొచ్చు. ఆహారం, నీటితో పాటు మింగే ప్లాస్టిక్‌ రేణువులు చాలావరకు మలంతో పోతాయి. మరీ సూక్ష్మమైనవి పేగుల గోడను దాటి రక్తంలో కలవగలవు. పేగుల నుంచి వచ్చే రక్తం ముందుగా చేరేది కాలేయానికే. అక్కడి రక్షణ కణాలు వీటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. దీంతో వాపు ప్రక్రియ మొదలై, కొవ్వును ఖర్చుచేసే వ్యవస్థ గాడి తప్పుతున్నట్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో కనిపించింది. కాకపోతే వాటికిచ్చిన మోతాదు చాలాసార్లు మనం మింగేదానికన్నా ఎక్కువ.

మరి మనుషుల్లో? జర్మనీలోని హాంబర్గ్‌ పరిశోధకులు 2022లో ఆరుగురు సిరోసిస్‌ బాధితుల కాలేయాల్లో ప్లాస్టిక్‌ రేణువులను గుర్తించారు. కాలేయ జబ్బు లేనివారిలో చెప్పుకోదగ్గ స్థాయిలో కనిపించలేదు. వింటే భయంగానే ఉంటుంది. కానీ ప్లాస్టిక్‌ వల్ల కాలేయం చెడిందా, చెడిన కాలేయంలో ప్లాస్టిక్‌ పోగైందా? ఆరుగురిని చూసి తేల్చలేం.

మన నగరం సంగతే చూడండి. హైదరాబాద్‌ విశ్వవిద్యాలయం, ఏఐజీ హాస్పిటల్స్‌ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84% మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు 2025లో బయటపడింది. మొత్తమ్మీద 71% మంది ఊబకాయులు. అందుకే నా లెక్కలో ముందు వరుసలో ఉండేవి పొట్ట, చక్కెర, గంటలకొద్దీ కూర్చోవటం. ప్లాస్టిక్‌ పాత్ర ఉన్నా వీటి వెనకే.

అలాగని వదిలేయమనను. పేపర్‌ కప్పు పేరుకే పేపర్‌. లోపల పల్చటి ప్లాస్టిక్‌ పొర ఉంటుంది. అందులో 100 మి.లీ. వేడి నీరు పోసి 15 నిమిషాలుంచితే సుమారు 25,000 సూక్ష్మ రేణువులు విడుదలవుతున్నట్టు ఐఐటీ ఖరగ్‌పూర్‌ పరిశోధకులు 2020లో గుర్తించారు. ఇరానీ హోటల్లో పింగాణీ కప్పు, సాసర్‌ ఇంకా ఉన్నాయి కదా, అక్కడే కూర్చుని తాగండి. వేడి సాంబారు, పప్పు కవర్లలో కట్టించుకోకుండా ఇంటి నుంచి స్టీలు గిన్నె తీసుకెళ్లండి. ప్లాస్టిక్‌ డబ్బాను మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. అయితే కప్పు మార్చి, చాయ్‌లో రెండు చెంచాల చక్కెర అలాగే ఉంచితే కాలేయానికి ఒరిగేదేమీ లేదు.

ఒంట్లోని ప్లాస్టిక్‌ను కడిగేస్తామంటూ అమ్మే పొడుల మీద డబ్బులు తగలేయకండి. అలాంటి మందేదీ రుజువు కాలేదు. అధిక బరువుంటే 7-10% తగ్గినా కాలేయంలో కొవ్వు, వాపు రెండూ తగ్గుతాయి. మధుమేహం, ఊబకాయం ఉన్నవారు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్ల పరీక్షలు చేయించుకుంటే చాలు. వయసుతో కలిపి లెక్కగట్టి, కాలేయం గట్టిపడే ముప్పు ఎంతుందో డాక్టర్లు అంచనా వేస్తారు.