చేనులో పురుగు, ఒంట్లో క్రిమి: మందుకు లొంగని శత్రువు

పత్తి కాయను తొలిచే పురుగుకూ, మనిషి రక్తంలో చేరే క్రిమికీ సంబంధం ఏమిటని మనం అనుకోవచ్చు. ఒకటి రైతు సమస్య, మరొకటి వైద్యుని సమస్య. కానీ గత నూరేళ్లకు పైగా సాగిన శాస్త్ర పరిశోధనలను పరిశీలిస్తే ఈ రెండూ ఒకే ప్రకృతి నియమానికి లోబడి నడుస్తున్నాయని తెలుస్తుంది. ఆ నియమాన్ని నిర్లక్ష్యం చేసినందుకు మన పొలాలూ, మన ఆసుపత్రులూ ఒకే రకమైన మూల్యం చెల్లిస్తున్నాయి.

దివ్యఖుర్ఆన్ దోమ వంటి అల్పప్రాణిని కూడా ఉపమానంగా పేర్కొంది. ఫిరౌను జాతిపైకి వచ్చిన సూచనల్లో మిడతలనూ, పేలనూ ప్రస్తావించింది. అల్పజీవులని మనం తీసిపారేసే వాటి ముందు మహా సామ్రాజ్యాలు సైతం నిస్సహాయంగా నిలబడ్డాయి. వాటి గురించి తెలుసుకోవడం సృష్టికర్త నియమాలను తెలుసుకోవడంలో భాగమే. పన్నెండో శతాబ్దంలో సెవిల్ నగరానికి చెందిన ఇబ్నుల్ అవ్వామ్ తన వ్యవసాయ గ్రంథంలో మొక్కల తెగుళ్లను చర్చించాడు. అంతకు ముందే అర్రాజీ మశూచికీ, తట్టుకూ గల తేడాను వివరించాడు. రోగాన్నీ, తెగులునూ శ్రద్ధగా గమనించడం మన పూర్వీకులకు కొత్త విషయం కాదు.

సికింద్రాబాద్ దోమ

మలేరియా ఎలా వ్యాపిస్తుందన్న చిక్కుముడి మన గడ్డ మీదే విడిపోయింది. 1897లో సికింద్రాబాద్‌లో సైనిక వైద్యుడిగా ఉన్న రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలతో కుట్టించాడు. ఒక్కో కాటుకు ఒక అణా చొప్పున చెల్లించాడు. ఆగస్టు 20న ఆ దోమల కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని ఆయన కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆ ఘనతలో, తన రక్తాన్ని దోమలకు అప్పగించిన ఆ సామాన్య రోగికీ వాటా ఉందని మనం గుర్తుంచుకోవాలి.

శత్రువెవరో తెలిశాక ఆయుధం కోసం వెదుకులాట మొదలైంది. 1939లో పాల్ ముల్లర్ డీడీటీకి కీటకాలను చంపే శక్తి ఉందని గుర్తించాడు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మంది మలేరియా బారిన పడుతున్నారని అంచనా. 1953లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం ఇంటింటా డీడీటీ చల్లించింది. 1965 నాటికి కేసులు దాదాపు లక్షకు పడిపోయాయి. మలేరియా పీడ విరగడైనట్లేనని అందరూ భావించారు.

కానీ 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి. కార్యక్రమంలో అలసత్వం, నిధుల కొరత వంటి కారణాలు కొన్ని ఉన్నాయి. వాటితో పాటు దోమలు డీడీటీకి లొంగకపోవడం ఒక ముఖ్య కారణం. అదే డీడీటీని పొలాల్లోనూ విచ్చలవిడిగా చల్లడం వల్ల దోమల్లో ఈ మొండితనం మరింత వేగంగా పెరిగింది. చివరకు 1989లో వ్యవసాయంలో దాని వాడకాన్ని నిషేధించారు.

నిరోధకత ఎలా పుడుతుంది?

పురుగు మందుకు 'అలవాటు' పడిందని మనం అంటుంటాం. వాస్తవంలో జరిగేది వేరు. కోట్ల పురుగుల్లో పుట్టుకతోనే ఆ మందును తట్టుకునేవి ఏవో కొన్ని ఉంటాయి. మందు చల్లగానే మిగతావన్నీ చస్తాయి, అవి మాత్రం బతుకుతాయి. పోటీ లేని పొలంలో వాటి సంతానమే విస్తరిస్తుంది. అదే మందు మళ్లీ మళ్లీ వాడేకొద్దీ బలహీనమైనవి ఏరివేతకు గురై, మొండివే మిగులుతాయి. ఒంట్లోని సూక్ష్మక్రిముల విషయంలోనూ జరిగేది ఇదే. తేడా ఒక్కటే, పురుగుకు ఒక తరం మారడానికి వారాలు పడితే సూక్ష్మక్రిమికి నిమిషాలో, గంటలో చాలు.

సింథటిక్ పైరిథ్రాయిడ్ మందుల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. పత్తిపై శనగపచ్చ పురుగును ఇవి మొదట్లో అద్భుతంగా అరికట్టాయి. కొన్నేళ్లకే, 1987లో, కోస్తా ఆంధ్ర పత్తి పొలాల్లో ఇవి పనిచేయడం మానేశాయి. రైతులు మోతాదు పెంచారు, మందులు కలిపి కొట్టారు, అప్పులు చేశారు. పురుగు మాత్రం చావలేదు. 1997-98లో వరంగల్ పత్తి రైతుల ఇళ్లలో జరిగిన విషాదం వెనుక ఈ చరిత్ర కూడా ఉంది. ఇదే కుటుంబానికి చెందిన మందులను దోమతెరలకు పట్టిస్తారు. ఆఫ్రికాలో మలేరియా దోమలు వీటికీ లొంగకుండా పోవడంతో, ఇప్పుడు రెండు రకాల మందులు కలిపిన దోమతెరలు తయారు చేయవలసి వచ్చింది.

రెండు దేశాలు, ఒకే పురుగు

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి లభించింది. నేలలో ఉండే ఒక బ్యాక్టీరియా జన్యువును పత్తి మొక్కలో ప్రవేశపెట్టి, కాయ తొలిచే పురుగులను అరికట్టడం దీని ఉద్దేశం. దీనితో పాటు శాస్త్రవేత్తలు ఒక షరతు విధించారు. పొలం చుట్టూ ఐదు వరుసలు గానీ, 20 శాతం విస్తీర్ణంలో గానీ మామూలు పత్తిని వేయాలి. అక్కడ బతికే సాధారణ పురుగులు మొండి పురుగులతో జతకడితే నిరోధకత నెమ్మదిస్తుంది. కానీ ఆ చిన్న విత్తన పొట్లాన్ని చాలామంది పక్కన పడేశారు. పురుగు తినే పంటను చేజేతులా ఎవరు వేస్తారన్నది వారి ఆలోచన. ఆ మాటలోని బాధను మనం తోసిపుచ్చలేం. ఎందుకు వేయాలో వారికి అర్థమయ్యేలా చెప్పినవారు తక్కువ. ఫలితంగా గుజరాత్‌లో గులాబీరంగు పురుగు బీటీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది. తరువాత రెండు జన్యువులున్న రకం కూడా దాని ముందు ఓడిపోయింది. తెలుగు రాష్ట్రాల రైతులూ నష్టపోయారు.

అమెరికాలో ఇదే పురుగుపై మరో పద్ధతిలో పోరాడారు. బీటీ పత్తి ఒక్కదాన్నే నమ్ముకోలేదు. లింగాకర్షక పదార్థాలు వాడారు, పంట అవశేషాలను దున్నేశారు, వంధ్యత్వం కలిగించిన రెక్కల పురుగులను విమానాల నుండి పొలాలపై వదిలారు. రైతులందరూ కలిసి నడిచారు. తమ దేశపు పత్తి పొలాల నుండి గులాబీరంగు పురుగును నిర్మూలించినట్లు 2018లో ప్రకటించారు. రెండుచోట్లా పురుగు ఒక్కటే, సాంకేతికత ఒక్కటే. ఫలితంలో తేడా తెచ్చింది క్రమశిక్షణ, సమష్టి కృషి.

ఇంట్లో మందుల డబ్బా

ఇప్పుడు మన ఇంటి సంగతి చూద్దాం. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఒక హెచ్చరిక చేశాడు. తగిన మోతాదు కంటే తక్కువ వాడితే క్రిములు మందును తట్టుకోవడం నేర్చుకుంటాయన్నాడు. ఆ హెచ్చరిక నిజమైంది. 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా సుమారు 12.7 లక్షల మంది మరణించారని అంతర్జాతీయ పరిశోధకులు అంచనా వేశారు.

జలుబు, ఫ్లూ వైరస్ వల్ల వస్తాయి. వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా పిల్లవాడు తుమ్మగానే మెడికల్ షాపుకు వెళ్లి నాలుగు మాత్రలు అడుగుతాం. జ్వరం తగ్గగానే మిగిలినవి దాచి, మరొకరికి ఇస్తాం. క్షయ రోగి కాస్త కోలుకోగానే ఆరు నెలల మందులను రెండు నెలలకే మానేస్తాడు. అతని ఒంట్లో మొండికెక్కిన క్రిమి దగ్గు ద్వారా ఇంట్లోని వారికీ, ఇరుగుపొరుగుకూ చేరుతుంది. కోళ్ల పెంపకంలో బరువు పెరగడానికి వాడుతూ వచ్చిన కొలిస్టిన్‌ను ప్రభుత్వం 2019లో నిషేధించింది. మనుషులకు వేరే ఏ మందూ పనిచేయనప్పుడు వైద్యులు చివరగా ఆశ్రయించే మందు అది. మాంసం హలాల్ అయితే చాలదు, తయ్యిబ్, అంటే శుద్ధమైనది కూడా కావాలన్న ధర్మబోధను ఈ కోణంలోనూ మనం ఆలోచించాలి.

ధర్మం చూపే మార్గం

అల్లాహ్ ప్రతి వ్యాధికీ నివారణను ఉంచాడని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ నివారణను వెదకడం శాస్త్రజ్ఞుల కర్తవ్యం. దొరికిన దాన్ని పాడుచేయకుండా కాపాడటం మనందరి కర్తవ్యం. మందుకున్న శక్తి ఏ ఒక్కరి సొత్తూ కాదు, అది అందరి అమానత్. ఈరోజు మనం దుర్వినియోగం చేసిన మందు, రేపు పొరుగింటి బాలింతకు అవసరమైనప్పుడు పనిచేయకపోవచ్చు. ఇతరులకు హాని కలిగించరాదన్న సూత్రమూ, దుబారాను వారించే ఆదేశమూ అన్నపానీయాలకే పరిమితం కావు. మందు మాత్రకూ, పురుగుమందు డబ్బాకూ కూడా అవి వర్తిస్తాయి.

అందుకే మనం కొన్ని నియమాలను ఇంట్లో పెట్టుకుందాం. డాక్టరు రాయనిదే యాంటీబయాటిక్ వాడకూడదు. రాస్తే చెప్పినన్ని రోజులు, చెప్పిన మోతాదులో వాడాలి. మిగిలిన మాత్రలను ఇతరులకు ఇవ్వకూడదు. పిల్లలకు సమయానికి టీకాలు వేయించాలి. వుజూతో అలవడిన శుభ్రతను వంటింటి వరకూ, వీధి కాలువ వరకూ విస్తరించాలి. దోమ పుట్టకుండా నీటి తొట్లను వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టాలి. వ్యవసాయం చేసేవారు ఒకే రకం మందును వరుసగా కొట్టకుండా, లింగాకర్షక బుట్టలతో పురుగు ఉధృతిని చూసి, అవసరమైతేనే పిచికారీ చేయాలి. పత్తి తీత ముగిశాక పంటను పొడిగించకుండా మోళ్లను తొలగించాలి.

శుక్రవారం ఖుత్బాలోనూ, మహిళల ఇజ్తెమాలలోనూ ఈ విషయాలను చర్చిస్తే ఊరంతటికీ మేలు కలుగుతుంది. అల్లాహ్ మనకు ఆరోగ్యాన్ని, దానిని అమానత్‌గా కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.